క్యాజువాలిటీలో ఎదురుచూపులు తగ్గించడానికి లీన్ పద్ధతి మన దగ్గర పనికొస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

జిల్లా_క్యాజువాలిటీ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను ప్రభుత్వ బోధనాసుపత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్‌ని. పేషెంట్ల ఎదురుచూపులు తగ్గించే పని మా సూపరింటెండెంట్ గారు నాకు అప్పజెప్పారు. సాయంత్రం ఆరు దాటితే మా హాలులో కాలు పెట్టే చోటు ఉండదు. స్ట్రెచర్ల మీద, బెంచీల మీద, నేల మీద దుప్పటి పరుచుకుని కూడా పేషెంట్లు ఉంటారు. ఒక్కొక్కరి పక్కన ఇద్దరు ముగ్గురు బంధువులు. అందరి మొహాల్లో టెన్షన్. "ఇంకా ఎంతసేపు డాక్టర్ గారూ" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండదు. అది నన్ను చాలా బాధపెడుతోంది.

లీన్ గురించి చదవడం మొదలుపెట్టాను. టయోటా ఫ్యాక్టరీల్లో పుట్టిన, పనిలో వృథాను వెతికి తీసేసే ఈ పద్ధతిని అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2002లో తన దగ్గరికి తెచ్చుకుంది. కొలంబోలోని క్యాజిల్ స్ట్రీట్ మహిళా ఆసుపత్రి 2000లోనే 5ఎస్‌తో (పనిచేసే చోటును సర్ది, శుభ్రంగా, ఒక క్రమంలో ఉంచే పద్ధతితో) మొదలుపెట్టింది. పక్కనే ఉన్న శ్రీలంకలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి చేయగలిగిన పని మనం చేయలేమా అనిపిస్తోంది. కానీ ముందు ఏం చేయాలి? మంచాలు పెంచమని అడగాలా, టోకెన్ సాఫ్ట్‌వేర్ పెట్టించాలా, ఇంకో డాక్టర్‌ని అడగాలా?

షాప్‌ఫ్లోర్_తడ | సోమవారం, రాత్రి 10:05

డాక్టర్ గారూ, నేను ఆసుపత్రి మనిషిని కాదు. తడ దగ్గర కార్ల విడిభాగాల ప్లాంటులో ఇండస్ట్రియల్ ఇంజనీర్‌ని. మీరు చెప్పిన మూడింట్లో ఏదీ ఇప్పుడే అడగకండి. ముందు ఒక గడియారం, ఒక అట్ట, ఒక పెన్ను తీసుకుని గేటు దగ్గర నిలబడండి. ఆటోలోంచి దిగిన ఒక పేషెంటు వెంట వార్డు మంచం దాకా లేదా ఇంటికి వెళ్లేదాకా నడవండి. ఏ నిమిషానికి ఏం జరిగిందో రాయండి. రెండే గళ్లు: ఎవరైనా ఆ మనిషికి ఏదైనా చేస్తున్న సమయం ఒక గడిలో, ఊరికే ఉన్న సమయం ఇంకో గడిలో. మా ప్లాంటులోనూ ఇదే చేస్తాం. రెండో గడి ఎంత పెద్దదో కళ్లారా చూసేదాకా ఎవరూ నమ్మరు.

ఇంకో మాట. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటి ఉంది. హాలులో ఉండే మంది ఎంతంటే, గంటకు వచ్చేవాళ్ల సంఖ్యను ఒక్కొక్కరు ఉండే గంటలతో గుణిస్తే వచ్చేంత. గంటకు 10 మంది వస్తున్నారనుకుందాం. ఒక్కొక్కరు సగటున 4 గంటలు ఉంటే హాలులో ఎప్పుడూ 40 మంది ఉంటారు. అదే 3 గంటలైతే 30 మంది. ఒక్క మంచం కూడా కొనకుండా 10 మందికి చోటు దొరికినట్టే. వచ్చేవాళ్లను మీరు ఆపలేరు, ఆపకూడదు కూడా. మీ చేతిలో ఉన్నది ఆ గంటలే.

సిస్టర్_నైట్‌డ్యూటీ | సోమవారం, రాత్రి 11:48

బ్రేక్‌లో ఉన్నాను, త్వరగా రాస్తున్నాను. నేను స్టాఫ్ నర్సుని. తడ సార్ చెప్పిన రెండో గడిలో ఏముంటుందో నేను చెప్తాను.

ఛాతీనొప్పితో ఒక పెద్దాయన వస్తాడు. దించడానికి స్ట్రెచర్ కావాలి. ఉన్న స్ట్రెచర్లలో ఒకటి ఎక్స్‌రే దగ్గర, ఇంకొకటి వార్డుకి వెళ్లి తిరిగిరాలేదు. ఎంఎన్ఓ (స్ట్రెచర్లు తోసే మగ నర్సింగ్ సహాయకుడు) వెతకడానికి వెళ్తాడు. ఈలోపు కొడుకుని ఓపీ చీటీ కోసం కౌంటర్‌కి పంపుతారు. అక్కడ ఆధార్ అడుగుతారు, కార్డు ఇంట్లో ఉంటుంది. ఈసీజీ మిషన్ పక్క వార్డు వాళ్లు తీసుకెళ్లి ఉంటారు, తెస్తే పేపర్ రోల్ అయిపోయి ఉంటుంది, కొత్త రోల్ స్టోర్‌లో ఉంటుంది, తాళం ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గర ఉంటుంది. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. ఈసీజీ తీయడానికి పట్టేది ఐదు నిమిషాలు. దాని చుట్టూ తిరగడానికి పట్టేది అంతకు ఎన్నో రెట్లు.

ఈ తిరుగుడులో ఎవరూ ఖాళీగా కూర్చోలేదు, అది గమనించండి. అందరం పరుగులోనే ఉన్నాం. పేషెంటు మాత్రం గోడ పక్కన చెయ్యి గుండె మీద పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.

అమ్మతో_వచ్చినవాడు | మంగళవారం, ఉదయం 7:30

నేను డాక్టర్‌నీ కాదు, ఇంజనీర్‌నీ కాదు. మా అమ్మకు పక్షవాతం వస్తే ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. పేరు చెప్పను. స్కాన్‌కి ఒక బ్లాకు, రక్తం ఇవ్వడానికి ఇంకో బ్లాకు, రిపోర్టు తెచ్చుకోవడానికి మళ్లీ మొదటి బ్లాకు. రక్తం గొట్టాలు నా చేతికే ఇచ్చారు, ఊదా మూత, ఎర్ర మూత. ఏది ఎక్కడ ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. అమ్మ పక్కన ఉండాలా, గొట్టాలు పట్టుకుని పరిగెత్తాలా? ఒంటరిగా వచ్చిన ముసలివాళ్ల గతేమిటి?

ఆలస్యం కంటే ఎక్కువ నలిపేసింది ఏమీ తెలియకపోవడం. స్కాన్ ఎప్పుడు, ఎవరు చూస్తారు, ఎందుకు ఆగాం, ఒక్కరైనా "అమ్మా, స్కాన్ మిషన్ మీద ఇంకొకరు ఉన్నారు, తర్వాత మీరే" అని ఉంటే తట్టుకునేవాళ్లం. మీరు ఏ పద్ధతి తెచ్చినా ఆ మాట చెప్పే మనిషిని ముందు పెట్టండి డాక్టర్ గారూ.

ల్యాబ్_సెకండ్‌షిఫ్ట్ | మంగళవారం, ఉదయం 10:20

పై అన్నయ్య రాసింది చదివాక ల్యాబ్ వైపు నుంచి చెప్పాలనిపించింది. మా దగ్గర శాంపిల్ మిషన్‌లో పెట్టాక పెద్ద ఆలస్యం ఉండదు. ఆలస్యమంతా మిషన్‌కు ముందు, తర్వాత. అటెండర్లు శాంపిళ్లను పోగేసి ఒకేసారి తెస్తారు. ఒక్కసారి నలభై గొట్టాలు బల్ల మీద పడితే క్యాజువాలిటీ గొట్టం ఏదో, రేపటి ఆపరేషన్ కోసం తీసిన గొట్టం ఏదో మాకెలా తెలుస్తుంది? పేరు సగమే ఉంటుంది, వార్డు రాసి ఉండదు. రక్తం గడ్డకట్టి వస్తే మళ్లీ తీయమని వెనక్కి పంపాలి. అప్పటికి పేషెంటు వేరే మంచం మీదకు మారి ఉంటాడు.

మేం చేసిన చిన్న మార్పు: క్యాజువాలిటీ శాంపిళ్లకు ఎర్ర రంగు ట్రే వేరుగా పెట్టాం. ఎర్ర ట్రే కనిపిస్తే చేతిలో ఉన్నది అయ్యాక వెంటనే అదే ఎక్కించాలి. రిపోర్టు కోసం బంధువులు రావాల్సిన పని లేకుండా ముఖ్యమైన విలువలు డ్యూటీ రూమ్‌కి ఫోన్‌లో చెప్పి, చెప్పిన టైమ్ పుస్తకంలో రాస్తాం. రాత్రిళ్లు గొట్టాలు తేవడానికి మనిషి దొరక్కపోవడం మాత్రం ఇంకా తీరలేదు.

లీడ్స్_రిజిస్ట్రార్ | మంగళవారం, సాయంత్రం 4:15

మాది గుంటూరు, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీలో పనిచేస్తున్నాను. ఇక్కడి అనుభవంలో రెండు వైపులా చెప్తాను.

వచ్చిన పేషెంటు నాలుగు గంటల్లోపు ఇంటికో వార్డుకో వెళ్లిపోవాలని ఇక్కడ నియమం. 2004 చివరికల్లా 98 శాతం మందికి అలా జరగాలన్నారు, 2010లో దాన్ని 95 శాతానికి తగ్గించారు. మొదట్లో బాగా పనిచేసింది. ఎమర్జెన్సీ గోల ఎమర్జెన్సీ వాళ్లదే అనుకున్న పై అంతస్తుల వాళ్లు కూడా కదిలారు. కానీ అంకె మీదే కళ్లు పడితే ఏమవుతుందో కూడా ఈ దేశం చూసింది. స్టాఫర్డ్ ఆసుపత్రిలో పేషెంట్లను పట్టించుకోని ఘోరాల మీద 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక, లక్ష్యాల ఒత్తిడిలో పేషెంటు వెనక్కి పోయాడని గట్టిగా చెప్పింది. 2015 జులై తర్వాత ఇంగ్లండ్ మొత్తం మీద ఆ 95 శాతం మళ్లీ అందలేదు. కారిడార్లో స్ట్రెచర్ల మీద పేషెంట్లు ఇక్కడా ఉన్నారు. అందుకని డాక్టర్ గారూ, మొదటి రోజే లక్ష్యం గోడకు అంటించకండి.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఫిన్లాండ్‌లోని హెల్సింకీ ఆసుపత్రి. పక్షవాతం పేషెంటుకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి 1998లో వాళ్లకు తలుపు నుంచి సూది దాకా 105 నిమిషాలు పట్టేది. 2011కి అది 20 నిమిషాలకు వచ్చింది. అది కొత్త మందు వల్ల వచ్చిన మార్పు కాదు. అంబులెన్స్ ముందే ఫోన్ చేస్తుంది, పేషెంటు ఎవరో, ఎప్పుడు మొదలైందో దారిలోనే తెలుసుకుంటారు, స్కాన్ ఆర్డర్ ముందే పడి ఉంటుంది, అంబులెన్స్ స్ట్రెచర్ నేరుగా స్కాన్ గదికే వెళ్తుంది, మందు అక్కడే ఇస్తారు. తర్వాత మెల్‌బోర్న్ వాళ్లు అదే దారి పట్టి కొద్ది నెలల్లోనే సమయం బాగా తగ్గించారు. మన దగ్గర 2005 ఆగస్టు 15 నుంచి 108 ఉంది. 108 అంబులెన్స్‌లోని ఈఎంటీ (ఎమర్జెన్సీ టెక్నీషియన్) దారిలోంచి చేసే ఫోన్ మీ హాలులో ఎవరు ఎత్తుతున్నారు? ఎత్తి ఏం చేస్తున్నారు? అక్కడ మొదలుపెట్టవచ్చు.

హౌస్‌సర్జన్_2020బ్యాచ్ | మంగళవారం, రాత్రి 8:40

అందరికీ గౌరవంతోనే ఒక అభ్యంతరం చెప్తున్నా. మనుషులు కార్లు కారు. రక్తపింజర కరిచినవాళ్లకు 20 నిమిషాల పరీక్ష చేస్తాం. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసుకుని కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. 18వ నిమిషంలో వంచితే ఆ పరీక్షకు విలువ లేదు. పురుగుల మందు తాగినవాళ్లకు విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ ఊపిరితిత్తులు తేటపడేదాకా పక్కనే కూర్చుని వింటూ ఉండాలి. ఇలాంటి సమయాన్ని కూడా వృథా కింద లెక్కేస్తారా?

ఇంకో భయం కూడా ఉంది. లీన్ పేరు చెప్పి "ఇద్దరు చేసే పని ఒకరు చేయొచ్చు" అని పోస్టులు తగ్గిస్తారేమో. ఇప్పటికే రాత్రి డ్యూటీలో మేం ఇద్దరమే.

షాప్‌ఫ్లోర్_తడ | మంగళవారం, రాత్రి 9:30

తమ్ముడూ, రెండూ మంచి ప్రశ్నలు. గాజు గొట్టం నిలబడి ఉన్న 20 నిమిషాలు పనే. అది మొదటి గడిలోకే వస్తుంది. కానీ ఆ గొట్టం వెతకడానికి పట్టిన సమయం, ప్లాస్టిక్ గొట్టంలో తీసి పరీక్ష పాడై మళ్లీ మొదలుపెట్టిన సమయం, విషానికి విరుగుడు వయల్స్ ఫార్మసీ నుంచి వచ్చేదాకా ఆగిన సమయం, ఇవి రెండో గడిలోకి వస్తాయి. పాముకాటుకు కావలసినవన్నీ ఒకే పెట్టెలో, రంగు అతికించి, వాడిన వెంటనే నింపేలా పెడితే రెండో గడి చిక్కిపోతుంది, మొదటి గడికి చెయ్యి తగలదు.

పోస్టుల సంగతి నాకూ ముఖ్యమే. మనుషుల్ని తీసేస్తారని తెలిస్తే ఏ కార్మికుడూ తన లైన్లో లోపం చెప్పడు. వర్జీనియా మేసన్ వాళ్లు ఈ మార్పుల వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని మాట ఇచ్చాకే ముందుకెళ్లారు. మీ సూపరింటెండెంట్ గారి నోటితో ఆ మాట అందరి ముందు చెప్పించండి. అది లేకుండా మొదలుపెట్టొద్దు.

రిటైర్డ్_ఆర్ఎంఓ | బుధవారం, ఉదయం 6:10

నేను చాలా ఏళ్లు ఆర్ఎంఓగా (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌గా) చేసి రిటైర్ అయినవాణ్ణి. పిల్లలందరూ బాగా రాస్తున్నారు. కానీ మీరంతా హాలులోనే వెతుకుతున్నారు. హాలు నిండడానికి సగం కారణం హాలులో లేదు, మూడో అంతస్తులో ఉంది.

చూడండి. ఒక పేషెంటును మెడిసిన్ యూనిట్ అడ్మిట్ చేసుకుంది. కేస్ షీట్ రాశారు. వార్డులో మంచం లేదు. ఎందుకు లేదు? పొద్దున రౌండ్స్‌లో డిశ్చార్జ్ చెప్పిన మనిషి మధ్యాహ్నం మూడింటికీ అదే మంచం మీద ఉన్నాడు. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన పీజీ డాక్టర్ ఓపీలో ఉన్నాడు. ఆరోగ్యశ్రీ కేసైతే ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలు, ఫొటో, అప్‌లోడ్. మందులు తెచ్చుకోవాలి, ఊరికి బస్సు సాయంత్రం ఉంది. ఈలోపు కింద హాలులో అడ్మిట్ అయిన పేషెంటు స్ట్రెచర్ మీదే ఉంటాడు, ఆ స్ట్రెచర్ కోసం సిస్టర్ గారు చెప్పిన ఛాతీనొప్పి పెద్దాయన గోడ పక్కన కూర్చుని ఉంటాడు. గట్టు మీద మడవ మూసేసి చేలో నీళ్లు నిలిచాయని పారతో తోడితే ఏం లాభం?

కాబట్టి సగం పని వార్డుల్లో చేయండి. రేపు ఇంటికి వెళ్లబోయేవాళ్లు ఎవరో ఈ సాయంత్రమే తెలియాలి. సమ్మరీ రాత్రే సగం రాసి పెట్టాలి. రౌండ్స్‌లో మొదట డిశ్చార్జ్ మంచాలు చూసి, తర్వాత మిగతావాళ్లను చూడాలి. వెళ్లేవాళ్లు కూర్చోవడానికి ఒక గది, నాలుగు బెంచీలు, తాగే నీళ్లు చాలు. ఇది చేయించడానికి యూనిట్ చీఫ్‌లు ఒప్పుకోవాలి. డ్యూటీ డాక్టర్ చెప్తే వినరు. సూపరింటెండెంట్ గారే పొద్దున వార్డుకు రావాలి.

ఓపీ చీటీ సంగతి కూడా చెప్తాను. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ప్రాణం కాపాడటం ముందు, పోలీసు లాంఛనాలు తర్వాత అని. పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసులకే అలా అంటే, చీటీ కోసం, ఆధార్ కోసం ఛాతీనొప్పి మనిషిని ఆపడం ఎలా న్యాయం? కౌంటర్ గుమస్తాది తప్పు కాదు, అతనికి అలా చెప్పారు. ఆ చెప్పే పద్ధతిని మార్చాలి. చీటీ మంచం దగ్గరే రాయించండి.

లీడ్స్_రిజిస్ట్రార్ | బుధవారం, మధ్యాహ్నం 1:05

సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎమర్జెన్సీ రద్దీకి పెద్ద కారణం అడ్మిట్ అయి కూడా పైకి వెళ్లలేని పేషెంట్లేనని ఇక్కడా చెప్తారు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గరి ఫ్లిండర్స్ ఆసుపత్రి 2003లో లీన్ మొదలుపెట్టినప్పుడు ఒక ముఖ్యమైన సంగతి గమనించింది. ట్రయాజ్ అంటే వచ్చినవాళ్లను తీవ్రతను బట్టి వేరుచేయడం. ఆ వర్గాలు ఐదు, ఐదుకీ వరుసలు. పై వర్గం వాళ్లు వచ్చినప్పుడల్లా కింది వర్గం వాళ్లు వెనక్కి జరుగుతూనే ఉంటారు. వాళ్లు దాన్ని మార్చి, ప్రాణాపాయం ఉన్నవాళ్లను పక్కకు తీసుకుని, మిగతావాళ్లను రెండు దారుల్లో పెట్టారు: బహుశా ఇంటికి వెళ్లేవాళ్లు, బహుశా అడ్మిట్ అయ్యేవాళ్లు. ఒక్కో దారికి సొంత టీమ్, సొంత చోటు. దారిలో వచ్చిన వరుసలోనే చూడటం. చెయ్యి బెణికినవాడు గుండెజబ్బు పేషెంటు వెనక గంటలు కూర్చోనక్కర్లేదు, గుండెజబ్బు పేషెంటు మంచం కోసం వెతుకులాట మొదటి గంటలోనే మొదలవుతుంది.

కెనడాలో ఒంటారియోలోని విండ్సర్ ఆసుపత్రి కూడా ఇలాగే చేసి, రిజిస్ట్రేషన్ నుంచి డాక్టర్ చూసేదాకా పట్టే సమయాన్ని 111 నిమిషాల నుంచి 78కి తెచ్చింది, ఎమర్జెన్సీలో గానీ వార్డుల్లో గానీ మంచాలు పెంచకుండానే. డాక్టర్ చూడకముందే విసిగి వెళ్లిపోయేవాళ్లు 7.1 శాతం నుంచి 4.3కి తగ్గారు.

మీ దగ్గర ట్రయాజ్ ఎలా ఉంది డాక్టర్ గారూ? ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పద్ధతి మూడు రంగులే కాబట్టి మన హాళ్లకు సరిపోతుందని నా అభిప్రాయం. కానీ రంగు బ్యాండ్ కట్టి అదే బెంచీ మీద కూర్చోబెడితే లాభం లేదు. రంగును బట్టి చోటు, మనిషి మారాలి.

జిల్లా_క్యాజువాలిటీ | బుధవారం, రాత్రి 10:25

అందరికీ చేతులెత్తి దండం. ట్రయాజ్ బల్ల ఉంది కానీ మధ్యాహ్నం తర్వాత అక్కడ మనిషి ఉండరు. ఈ రోజు సూపరింటెండెంట్ గారిని కలిశాను. ఎవరి పోస్టూ తగ్గదన్న మాట శుక్రవారం మీటింగ్‌లో తానే చెప్తానన్నారు. అది పెద్ద ఊరట.

మొదటి నెల రెండే పనులు పెట్టుకున్నాం. ఒకటి ఛాతీనొప్పి దారి: ఈసీజీ మిషన్ ఒకటి హాలు దాటి వెళ్లకూడదు, గొలుసుతో ట్రాలీకి కడుతున్నాం, రెండు రోల్స్ ఆ ట్రాలీ అరలోనే ఉంటాయి, చీటీ మంచం దగ్గరే రాస్తాం. రెండోది మెడిసిన్ వార్డులో ఒక్క యూనిట్‌తో సాయంత్రమే రేపటి డిశ్చార్జ్‌ల లిస్టు. ఆ యూనిట్ చీఫ్ మేడం ఒప్పుకున్నారు. పాముకాటు పెట్టె హౌస్ సర్జన్లకే అప్పగిస్తున్నాను, అందులో ఏం ఉండాలో వాళ్లకే బాగా తెలుసు.

అమ్మతో వచ్చిన అన్నయ్య అడిగిన మనిషి గురించి ఇంకా దారి దొరకలేదు. వాలంటీర్లను పెట్టాలా, ట్రయాజ్ సిస్టర్‌కే అప్పజెప్పాలా? సిస్టర్ గారూ, మీరేమంటారు?

సిస్టర్_నైట్‌డ్యూటీ | గురువారం, తెల్లవారుజాము 3:20

ట్రయాజ్ సిస్టర్‌కి వద్దు మేడం, ఆమెకు ఊపిరి ఆడదు. గోడకు ఒక తెల్ల బోర్డు పెట్టండి. మంచం నంబర్, దేని కోసం ఆగారు (స్కాన్, ల్యాబ్, మంచం), ఎప్పటి నుంచి, ఇంతే. పేరు, జబ్బు రాయొద్దు. బంధువులకు చదవడానికి తెలుగులో రాయండి. గంటకోసారి ఎవరో ఒకరు, ఎంఎన్ఓ అయినా సరే, బోర్డు చూసి ఎక్కువసేపు ఆగినవాళ్ల దగ్గరికి వెళ్లి రెండు మాటలు చెప్పాలి. చదవడం రానివాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి.

ఇంకొకటి. గడియారం పట్టుకుని నడిచేది పగలే పెట్టుకోకండి. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు వరకు కూడా ఒకరు నడవండి. ఆ వేళ గొట్టాలు తీసుకెళ్లే మనిషి ఉండడు, స్కాన్ టెక్నీషియన్‌ని నిద్రలేపాలి, ఫార్మసీలో ఒక్కరే ఉంటారు.

ల్యాబ్_సెకండ్‌షిఫ్ట్ | గురువారం, ఉదయం 9:00

రాత్రి నడక పెట్టుకునే రోజు ముందే చెప్పండి. డ్యూటీ మార్పించుకుని ల్యాబ్ వైపు టైమ్ నేను రాస్తాను. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, గొట్టం హాలు నుంచి బయల్దేరిన నిమిషానికీ మా బల్ల మీదకు చేరిన నిమిషానికీ మధ్య అది ఎక్కడ ఆగిందో తేలుతుంది.